తూకానికి వెళ్ళబోయిన తొమ్మిది మిషన్లు: ఒక కుట్టు కేంద్రం కేస్ స్టడీ

జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడ మహిళా సంఘం వాళ్ళు నడిపే కుట్టు కేంద్రం ఒకటుంది. వాళ్ళు నన్ను పిలిచింది మిషన్లు బాగుచేయడానికి కాదు, ధర కట్టడానికి. పాత మిషన్లు ఎంతకు పోతాయో తెలిస్తే ఆ లెక్క పట్టుకుని కొత్తవాటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్దామని వాళ్ళ ఆలోచన. అప్పటికే ఒక డీలర్ వచ్చి మాట చెప్పి వెళ్ళాడు. నల్ల మిషన్లు తొమ్మిదీ తూకానికి తీసుకుంటాడు, వాటి బదులు తొమ్మిది పవర్ మిషన్లు (ఫ్యాక్టరీల్లో వాడే వేగమైనవి) దింపుతాడు, మిగతా డబ్బు వాయిదాల్లో కట్టుకోవచ్చు.

నేను కుట్టు మిషన్ల మెకానిక్‌ని. శిక్షణ కేంద్రాల్లో పాఠం కూడా చెబుతుంటాను. నడిపి చూడకుండా మిషన్‌కు ధర కట్టడం నాకు చేతకాదు. నడిపి చూశాక ధర కట్టే పని పక్కకు పోయి వేరే పని మొదలైంది. ఇలాంటి కేంద్రాలు నడిపేవాళ్ళకూ, నా తోటి మెకానిక్‌లకూ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

కేంద్రంలో మొత్తం పద్నాలుగు మిషన్లు. తొమ్మిది నల్లవి, అంటే మన ఇళ్ళలో, దర్జీ కొట్లలో కనిపించే పోత ఇనుము తలవి. వాటిలో ఐదింటికి చిన్న మోటార్లు బిగించారు, నాలుగు కాలితో తొక్కేవి. మూడు పవర్ మిషన్లు. రెండు ఓవర్‌లాక్‌లు, అంటే గుడ్డ అంచు కోసి అల్లేవి. ఏడాది పొడవునా జాకెట్లు, లంగాలు, చీర ఫాల్స్ కుడతారు. అసలు ఆదాయం మాత్రం ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలది. పిల్లవాడికి ఏడాదికి రెండు జతలు. బడులు జూన్ 12న తెరుస్తారు, గుడ్డ ఎండాకాలంలో వస్తుంది. మధ్యలో దొరికే కొద్ది వారాల్లోనే మండలంలోని బడులన్నిటికీ కుట్టి ఇవ్వాలి. ఆ వారాల్లో ఒక మిషన్ ఆగితే ఒక మనిషి సంపాదన ఆగినట్టే. అందుకే కొత్త మిషన్ల మీద వాళ్ళకు అంత ఆశ. దాన్ని నేను తప్పు పట్టను.

నేను వెళ్ళింది సంక్రాంతి దాటాక, ఇంకా చలి పోకముందు. సంఘం అధ్యక్షురాలు రోగం మొత్తం మూడు ముక్కల్లో చెప్పింది.

"అన్నా, గీ మిషన్లు ముసలివైనయ్. కుట్టు తప్పుతున్నయ్, దారం తెంపుతున్నయ్. పొద్దుగాలయితే తిరుగుతనే లేవు, మద్యాన్నం దాకా కాళ్ళు గుంజుతయ్."

ఆ మూడో మాట దగ్గర నేను ఆగాను. ముసలిదైన మిషన్ అయితే పొద్దున ముసలిదిగా ఉండి మధ్యాహ్నానికి వయసులోకి రాదు కదా.

గుడ్డ ముక్క మీద పరీక్ష

స్క్రూ డ్రైవర్ తీయకముందే నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. ఒకే రకం గుడ్డ, యూనిఫాం కోతలో మిగిలిన ముక్క, రెండు మడతలు. పైన తెల్ల దారం, కింద బాబిన్‌లో నీలం దారం. ఎవరి మిషన్ మీద వాళ్ళే కూర్చుని, రోజూ కుట్టినట్టే, ఒక జానెడు తిన్నగా కుట్టాలి. నేను ఏమీ అనను, చేతులు చూస్తాను. ముక్కకు మిషన్ నంబరు రాసిన చీటీ గుచ్చుతాను.

పై వైపున నీలం చుక్కలు కనిపిస్తే పై దారం బిగువు ఎక్కువైంది, లేదా కింది దారం వదులైంది. కింది వైపున తెల్ల దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడితే పై దారాన్ని పట్టుకునేది ఏదీ లేదు. కుట్టు పొడవు క్రమంగా కురచవుతుంటే గుడ్డ ముందుకు జరగడం లేదు. మధ్యమధ్య కుట్టు ఎగిరిపోతే ముందు సూది వైపు చూడాలి.

నల్ల మిషన్లలో ఆరింటి ముక్కల మీద కుట్టు ఎగిరింది. రెండింటికి కింద ఉచ్చులు పడ్డాయి. ఒక్కటి మాత్రం శుభ్రంగా కుట్టింది. ఆ మిషన్ అందరికంటే పెద్దావిడది. ఆమె కేంద్రానికి రాకముందు ఇరవై ఏళ్ళకు పైగా ఇంట్లో కుట్టింది, మిషన్ సొంతంగా తెచ్చుకుంది, ఇంకొకరిని దాని మీద కూర్చోనివ్వదు. మొండిదని మిగతావాళ్ళకు ఆమె మీద కొంచెం కోపం కూడా ఉంది. ఈ సంగతికి తర్వాత వస్తాను.

ముక్కలకంటే చేతులు ఎక్కువ చెప్పాయి. కుడుతున్నప్పుడు దాదాపు అందరూ ఎడమ చేత్తో గుడ్డను వెనక నుంచి లాగుతున్నారు. నేర్చుకునేటప్పుడు ఎవరూ అలా నేర్చుకోరు. గుడ్డను లాక్కోవడం మిషన్ పని. ఆ పని మిషన్ మానేసినప్పుడే మనిషి చేయి అందుకుంటుంది.

సూది ప్లేటు విప్పాను. గుడ్డను ముందుకు జరిపే పళ్ళ మధ్య, వాటి చుట్టూ దారపు నూగు నూనెతో కలిసి గట్టిపడి దిమ్మలా ఉంది. స్క్రూ డ్రైవర్‌తో లేపితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. పైన మొన్నటి యూనిఫాం రంగు, కింద ఎప్పటివో ఫాల్స్ రంగులు. మామూలు గుడ్డకు ఆ పళ్ళు ప్లేటు మీదికి ఒక మిల్లీమీటరు వరకు లేవాలి. నూగు అడ్డుపడితే పూర్తిగా లేవవు, గుడ్డను పట్టుకోవు. పట్టుకోకపోతే చేయి లాగుతుంది. చేయి లాగితే గుడ్డతో పాటు సూది వంగుతుంది. వంగిన సూది దిగేటప్పుడు ప్లేటు కంత అంచును తాకుతుంది. ఒకసారి తాకితే ఏమీ కాదు. రోజూ తాకితే కంత చుట్టూ కంటికి కనిపించని గరుకు లేస్తుంది. ఆ గరుకు దారాన్ని ప్రతి కుట్టుకూ కొంచెం కొంచెం గీకుతుంది, కాసేపటికి దారం తెగుతుంది. దారం తెగితే మిషన్‌ను ఎవరూ అనుమానించరు, దారాన్ని అనుమానిస్తారు. ఈ కేంద్రం వాళ్ళు అదే చేశారు. అంతకుముందు ఏడాది మామూలు రీలు మానేసి ఖరీదైనది కొన్నారు. అదీ తెగింది. అప్పుడు మిషన్లు ముసలివయ్యాయన్న నిర్ణయానికి వచ్చారు.

గరుకును చూడాలంటే భూతద్దం అక్కర్లేదు. చిన్న దూది ముక్కను కంత చుట్టూ తిప్పితే ఎక్కడ పోగు పట్టుకుంటుందో అక్కడే ఉంది. సన్నటి ఎమరీ కాగితాన్ని సన్నగా చుట్టి కంతలో ఆడిస్తే చాలా వరకు పోతుంది. మరీ లోతుగా గీసుకుపోయిన రెండు ప్లేట్లు మాత్రం మార్పించాను.

ఇక సూదులు. ఎప్పుడు మారుస్తారని అడిగాను. "ఇరిగినంక" అన్నారు అందరూ ఒకేసారి. మన దగ్గర దాదాపు ప్రతి కేంద్రంలో ఇదే జవాబు. విరగని సూది బాగున్న సూది అని లెక్క. ఒక అద్దం ముక్క తెప్పించి సూదులన్నీ తీయించి, కాడ చదునుగా ఉన్న వైపు అద్దం మీద ఆనించి చూడమన్నాను. నిటారు సూది కింద సందు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటుంది. సగం సూదుల కింద అలా లేదు. మొనను గోటి మీద మెల్లగా గీస్తే గీత పడ్డవీ ఉన్నాయి, అంటే మొన వంగింది. రెండు మిషన్లలో సూదిని పూర్తిగా పైకి తోయకుండానే బిగించారు. ఒకదాంట్లో పవర్ మిషన్ సూది పెట్టారు. దాని కాడ గుండ్రం, సన్నం. చదును లేదు కాబట్టి ఏ వైపు తిరిగి కూర్చుందో తెలియదు.

వెంట్రుకవాసి తేడాకు కుట్టు ఎందుకు ఎగురుతుందో ఒకసారి చూపిస్తే వాళ్ళు జీవితంలో మర్చిపోరు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పించాను. సూది అడుగుదాకా దిగి, పైకి మళ్ళి రెండు మిల్లీమీటర్లు లేచేసరికి దారం సూది వెనక చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి షటిల్ (సూది కింద బాబిన్ చుట్టూ ఆడే కొక్కెం) మొన వచ్చి ఆ ఉచ్చును అందుకోవాలి. అందుకుంటే కుట్టు పడింది, తప్పితే ఎగిరిపోయింది. ఇన్నేళ్ళుగా కుడుతున్నవాళ్ళు కూడా ఆ ఉచ్చును కళ్ళతో చూడడం అదే మొదలు. ఒకామె చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

కింద ఉచ్చులు పడుతున్న రెండు మిషన్ల సంగతి చిన్నది. కింద చిక్కు కనిపిస్తోంది కాబట్టి కింది బాబిన్ కేస్ స్క్రూనే బిగించుకుంటూ వచ్చారు. తప్పు పైన ఉంది. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం దించి ఉన్నప్పుడు దారం ఎక్కిస్తే, దారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. పాదం ఎత్తి ఎక్కించాలి. బిళ్ళల మధ్య ఒక గుడ్డ పేలిక లాగితే అక్కడా నూగే. బాబిన్ కేస్‌ను దారంతో వేలాడదీసి చిన్నగా ఒక కుదుపు ఇస్తే కాస్త జారి ఆగాలి. జర్రున జారిపోతే వదులు, అసలు కదలకపోతే బిగువు. ఆ కొలత చాలు.

కొబ్బరి నూనె

పొద్దున తిరగని రోగానికి వచ్చేసరికి నాకు వాసనే సాక్ష్యం చెప్పింది. మిషన్ తల వెనక్కు వాల్చగానే కొబ్బరి వాసన. మిషన్ నూనె అయిపోయిందట, మళ్ళీ తెచ్చేదాకా అని ఎవరో తలకు రాసుకునే నూనె పోశారు, తర్వాత అదే అలవాటైంది. కొబ్బరి నూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. జగిత్యాల వైపు జనవరి పొద్దులు అంతకంటే చాలా కిందికి దిగుతాయి. రాత్రంతా బుష్‌లలో (షాఫ్టు తిరిగే లోహపు గొట్టాల్లో), సందుల్లో గడ్డకట్టిన నూనె, మధ్యాహ్నం ఎండెక్కాక కరిగేది. పైగా అది వంటనూనెల జాతిది. రోజులు గడిచే కొద్దీ జిగురెక్కి నూగును పట్టుకుంటుంది.

బిగుసుకున్న మిషన్‌ను తొక్కుతుంటే తోలు బెల్టు జారుతుంది. జారకుండా బెల్టును కురచ చేసి మళ్ళీ పిన్ను వేస్తారు. కాలితో తొక్కే నాలుగింటికీ అలా చేశారు. మోటారున్నవాటికి మోటారును కిందికి జరిపి బెల్టు బిగించారు. బిగువు బెల్టు షాఫ్టును ఒక పక్కకే లాగుతుంది, బుష్ ఆ పక్కే అరుగుతుంది, మోటారు కాలుతుంది. ఇద్దరికి మోటారు మీద చేయి పెట్టలేనంత వేడి. మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగి నిప్పురవ్వలు వస్తున్నాయి. ఇంత గొడవకూ మూలం ఒక నూనె సీసా.

శుభ్రం చేసిన తీరు ఇది. ముందు మోటారు ప్లగ్ తీసేయాలి. దారం, బాబిన్ తీసి, పాదం ఎత్తి పెట్టాలి. నూనె కంతలన్నిట్లో, కింద కదిలే ప్రతి కీలు దగ్గరా కిరసనాయిలు చుక్కలు వేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఉండాలి. గోధుమరంగు జిగురు కారుతుంది. తుడవాలి, మళ్ళీ వేయాలి. కారేది తెల్లబడేదాకా ఇదే పని. రాత్రంతా పేపర్ల మీద వాల్చి వదిలేసి పొద్దున పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు అసలు మిషన్ నూనె కంతకు ఒకటి రెండు చుక్కలు వేయాలి. తర్వాత పాత గుడ్డ మీద దారం లేకుండా కాసేపు కుడితే ఎక్కువైన నూనె గుడ్డకు పోతుంది, గిరాకీ జాకెట్‌కు అంటదు. కిరసనాయిలు దొరకడం ఈ రోజుల్లో కష్టమే. అందుకని పెట్రోలు వాడదామని ఒకామె అంది. గట్టిగా వద్దన్నాను. మోటారు రవ్వ ఒక్కటి చాలు గది తగలబడడానికి.

దసరా ఆయుధ పూజ ఆనవాళ్ళు కూడా బయటపడ్డాయి. పసుపు, కుంకుమ భక్తిగా అద్దింది ఎక్కడయ్యా అంటే సరిగ్గా నూనె కంతల మీద. ఒక షటిల్ గాడిలో అక్షింత గింజ దొరికింది. బొట్టు మిషన్ మెడ మీద పెట్టండి, కంతలు మాత్రం నాకు వదిలేయండి అన్నాను. నవ్వారు గానీ తర్వాత ఎవరింట్లోనైనా మిషన్ కనబడితే ముందు కంతలు చూస్తున్నారట.

తూకానికి పోవలసింది ఒక్కటే

తొమ్మిదిలో ఎనిమిది తిరిగి దారికి వచ్చాయి. సూదులు, నూనె, రెండు ప్లేట్లు, ఒక జత కార్బన్ బ్రష్‌లు, రెండు బెల్టులు. అంతకు మించి విడిభాగాలు పడలేదు. వాటి ఖర్చంతా కలిపినా డీలర్ చెప్పిన కొత్త మిషన్లలో ఒక్కదాని ధర కూడా కాలేదు.

ఒక్కటి మాత్రం రాలేదు. చక్రం పట్టుకుని పైకీ కిందికీ కదిపితే టకటకమని ఆడుతోంది. బుష్ అరిగిపోయింది. షటిల్ గాడి కూడా అరిగి, టైమింగ్ ఎంత సర్దినా మళ్ళీ పక్కకు పోతోంది. అన్నీ మార్చొచ్చు. మార్చడానికి అయ్యే ఖర్చుకు ఇంకొక మంచి పాత మిషన్ వస్తుంది. పాతదన్నదల్లా కాపాడాలన్న పట్టుదల నాకు లేదు. దీన్ని వదిలేయమన్నాను, కానీ ఇనుప తూకానికి ఇవ్వొద్దన్నాను. ఆ తలలో టెన్షన్ సెట్టు ఉంది, బాబిన్ చుట్టే కొక్కెం ఉంది, పళ్ళు ఉన్నాయి, మరలున్నాయి. ఇవాళ బజారులో దొరికే చాలా నకిలీ విడిభాగాలకంటే అవి గట్టివి. దాని స్టాండు మీద ఇప్పుడు ఇస్త్రీ పెట్టె ఉంది.

పవర్ మిషన్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగానే చెప్పాను. ఉన్న మూడింటికీ అడుగున నూనె తొట్టి ఉంటుంది, మిషన్ తిరుగుతుంటే నూనె తనంతట తానే పైకి వెళ్తుంది. అందుకే వాటికి ఏమీ చేయక్కర్లేదన్న నమ్మకం పడింది. చూస్తే ఒకదాంట్లో నూనె గీత కిందికి పోయింది, ఇంకోదాంట్లో రంగు మారి టీలా ఉంది. ఆ మిషన్లు నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేయగలవు. ఆ వేగంలో సూది వేడెక్కి పాలిస్టర్ దారం కరిగి తెగడం కూడా మామూలే. నూనె అందకపోతే నల్ల మిషన్ మొరాయిస్తుంది, పవర్ మిషన్ బిగుసుకుని పట్టేస్తుంది. అంటే కొత్తవి వస్తే చూసుకోవలసిన పని తగ్గదు, పెరుగుతుంది. నల్ల మిషన్‌కు నూనె వేయని కేంద్రంలోకి తొమ్మిది పవర్ మిషన్లు వస్తే, అప్పు తీరకముందే అవీ ఇదే వరుసలో నిలబడతాయి.

దానికి బదులు ఒక చిన్న మార్పు చెప్పాను. ఉన్న పవర్ మిషన్లలో రెండింటికి క్లచ్ మోటార్లు ఉన్నాయి. స్విచ్ వేస్తే, కుట్టినా కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటాయి. ముందు ఒకదానికి సర్వో మోటారు పెట్టండి. తొక్కినప్పుడే తిరుగుతుంది, వేగం తగ్గించి పెట్టుకోవచ్చు, నేర్చుకునేవాళ్ళకు భయం ఉండదు.

ఎవరి సమయం, ఎవరి కూలి

మెకానిక్‌గా నా పని ఇక్కడికి అయిపోవాలి. కాకపోతే గోడ మీద ఒక చార్టు కనబడింది. ఏ శిక్షణలోనో ఇచ్చినది. రోజూ నూనె, వారానికి శుభ్రం, నెలకు తనిఖీ. లామినేషన్ చేసి మరీ పెట్టారు. అందులో ఒక్క మాట తప్పు లేదు. దాని కిందే కొబ్బరి నూనె సీసా ఉంది.

ఎందుకు జరగలేదని అడిగితే ముందు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక చిన్న వయసామె అసలు సంగతి చెప్పింది.

"నేను గంట కూసోని తుడుస్తే నా గంట కూలి పోతది గదన్నా. రేపు పొద్దుగాల ముందుగాల్నొచ్చినామె గా మిషన్ మీద కూసుంటది. నేనెందుకు తుడవాలె?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆమె లెక్క తప్పు కాదు. అక్కడ జతకు ఇంత అని కూలి. ముందు వచ్చినవాళ్ళు మంచి మిషన్ పట్టుకుంటారు. మిషన్‌ను చూసుకునేందుకు పెట్టే సమయం ఒకరిది, దాని ఫలితం ఇంకొకరిది. ఈ లెక్కలో ఏ చార్టూ పనిచేయదు. బద్ధకం అనీ, అవగాహన లేదనీ మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఇదే. పెద్దావిడ మిషన్ ఒక్కటే ఎందుకు శుభ్రంగా కుట్టిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఆమె తుడిచింది ఆమెకే తిరిగొచ్చింది. అందరూ మొండితనం అన్నది ఆ లెక్కే.

జపాన్ ఫ్యాక్టరీల్లో యంత్రాలను చూసుకోవడానికి టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అనే పద్ధతి ఉంది. నిప్పన్‌డెన్సో కంపెనీ దానితో 1971లో పేరు తెచ్చుకుంది. నడిపేవాడే యంత్రాన్ని శుభ్రం చేయాలి, ఆ శుభ్రం చేయడమే తనిఖీ అన్నది దాని మొదటి మెట్టు. మా శిక్షణల్లోనూ దీన్ని చెబుతాం. అక్కడ తుడిచే గంటకు కూడా జీతం పడుతుందన్న సంగతి మాత్రం చెప్పం.

సంఘం సమావేశంలో ఈ విషయం పెట్టారు. గట్టిగానే వాదించుకున్నారు. తన మిషన్ ఎలాగూ బాగుంది, ఇతరుల మిషన్ తుడవడానికి కేంద్రం డబ్బు ఎందుకివ్వాలని ఒకరు. అయితే మంచి మిషన్ ఆమెకే ఎందుకు రాయాలని ఇంకొకరు. కోశాధికారికి సూదుల ఖర్చు భయం. చివరికి తేలింది ఇది. నల్లవీ పవర్‌వీ కలిపి ఒక్కో మిషన్ ఒక్కొక్కరి పేరున. ఎవరైనా రాకపోతే ఆ మిషన్ మీద ఇంకొకరు కుట్టొచ్చు, కానీ ఆమెకు చెప్పి కూర్చోవాలి, దిగేటప్పుడు పళ్ళ దగ్గర తుడిచి దిగాలి. సూది, నూనె, బ్రష్ కేంద్రం ఖాతాలో. పాత సూది డబ్బాలో వేస్తే కొత్త సూది చేతికొస్తుంది, ఎందుకు మార్చావని ఎవరూ అడగరు. శనివారం చివరి అరగంట ఎవరూ గుడ్డ ముట్టరు, ఆ అరగంటకు కూలి లెక్కకడతారు. జతకు కేంద్రం తీసుకునే భాగంలోంచి ఆ డబ్బు వస్తుంది.

పుస్తకం పెట్టి రాయమందామనుకున్నాను. ఇద్దరికి రాయడం ఇబ్బంది. అప్పుడు పెద్దావిడే గుడ్డ ముక్కల సంగతి ఎత్తింది. ప్రతి శనివారం శుభ్రం చేశాక తెల్ల దారం, నీలం దారంతో జానెడు కుట్టి మిషన్ పక్కన గుచ్చడం. కిందటి వారం ముక్క పక్కనే ఉంటుంది. తేడా వస్తే రాయక్కర్లేకుండానే అందరికీ కనబడుతుంది. నేను వేరే కేంద్రాల్లో ఇప్పుడు దీన్నే చెబుతున్నాను, పుస్తకం మాట ఎత్తడం లేదు.

కత్తెరల గురించి ఒక్క ముక్క. మీరట్ కత్తెరలకు భౌగోళిక గుర్తింపు ఉందని చాలామందికి తెలియదు. మళ్ళీ మళ్ళీ సాన పట్టించుకుని తరాలు వాడుకునేలా చేస్తారు వాటిని. కేంద్రంలో అలాంటివి మూడున్నాయి, వాటితోనే కాగితం ప్యాటర్న్‌లు కూడా కోస్తున్నారు. కాగితం కోస్తే గుడ్డ కత్తెర పదును పోతుంది. కాగితానికి వేరే చవక కత్తెర కొని, దానికి ఎర్ర దారం కట్టారు. మంచివి సానకు పోయి వచ్చాయి.

యూనిఫాం సీజన్‌లో

గుడ్డ వచ్చింది, వేసవి నడిచింది. అంతకుముందు ఏళ్ళలో సీజన్ వచ్చిందంటే ఆ కేంద్రం నుంచి నా ఫోను మోగుతూనే ఉండేది. బస్సెక్కి వెళ్ళి చూస్తే చాలాసార్లు సూది మార్చి రావడమే. ఈసారి నల్ల మిషన్ల కోసం నన్ను పిలవలేదు. పిలిచింది ఓవర్‌లాక్‌ల కోసం. కత్తులు మొద్దుబారాయి, ఒకదానికి అంచు దారాన్ని అల్లే లూపర్ వంగింది. ఎన్ని జతలు ఎక్కువ కుట్టారన్న లెక్క మాత్రం నేను ఇక్కడ పెట్టను. ఈ ఏడు ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు, పోలిక కుదరదు.

పోల్చగలిగినవి వేరే ఉన్నాయి. దారం మళ్ళీ మామూలు రీలుకే వచ్చారు, తెగడం లేదు. గుడ్డను వెనక నుంచి లాగే ఎడమ చేయి ఇప్పుడు గుడ్డ పక్కన ఊరికే ఆనుకుని ఉంటుంది. నేను ఒక్కరికి కూడా లాగొద్దని చెప్పలేదు. మిషన్ తన పని తాను చేస్తుంటే చేయి తానే మానుకుంది. సాయంత్రానికి భుజం నొప్పి తగ్గిందని ఇద్దరు ముగ్గురు చెప్పారు.

సూదుల ఖర్చు పెరిగింది. కోశాధికారి పద్దు తెచ్చి చూపించింది, కొంచెం నిష్ఠూరంగానే. సూది ధర ఒక టీ ధరకు అటూ ఇటూ ఉంటుంది. మొద్దు సూది పాడు చేసే యూనిఫాం చొక్కా ముందు అది ఎంత? ఆ పద్దు పెరగడమే నాకు కావలసింది అంటే ఆమె నమ్మలేనట్టు చూసింది గానీ కాదనలేదు.

సీజన్ మధ్యలో ఒకరోజు నేను అక్కడే ఉన్నాను, ఓవర్‌లాక్ విప్పుకుని. కూలి లెక్క చెప్పిన ఆ చిన్న వయసామె సగం కుట్టులో కాలు ఆపేసింది. "సప్పుడు మారింది" అంది. నాకు ఏ తేడా వినబడలేదు, గదిలో అన్ని మిషన్లు తిరుగుతున్నాయి. ఆమె తల వాల్చి షటిల్ దగ్గర వేలు పెట్టి చూస్తే అక్కడి రింగు మర ఒకటి సగం తిరుగు వదులైంది. ఇంకాస్త నడిస్తే షటిల్ కదిలి సూదిని కొట్టేది, సూది విరిగి ముక్క లోపల పడేది, నేను మధ్యాహ్నమంతా దాని మీద కూర్చునేవాణ్ణి. అదే మిషన్ మీద రోజూ కూర్చున్న చెవికి తప్ప ఆ తేడా దొరకదు. రోజుకొకరు మారే మిషన్‌కు ఆ చెవి ఉండదు.

మా మెకానిక్‌లలో ఒకరిద్దరు నన్ను అడిగారు, అన్నీ వాళ్ళకు నేర్పిస్తే మనకేం మిగులుతుందని. సూది మార్చడానికి బస్సెక్కి సగం రోజు పోగొట్టుకోవడంలో మనకు ఏం మిగిలేదో ముందు లెక్క చూసుకోమన్నాను. ఇప్పుడు ఆ కేంద్రం నుంచి వచ్చే పని తక్కువ, కానీ వచ్చినది మెకానిక్ చేయవలసిన పని. డబ్బులు కూడా బేరం లేకుండా ఇస్తున్నారు, ఏం చేశానో చూసి అర్థం చేసుకోగలరు కాబట్టి.

డీలర్ మళ్ళీ వచ్చాడట. తొమ్మిది మిషన్ల మాట పక్కన పెట్టి ఒక సర్వో మోటారుకు బేరమాడారు. తీసుకున్నారు కూడా.

ఏవి వాళ్ళు చేసుకోవాలి, ఏవి నా దగ్గరికి రావాలి అన్నది రాసి ఇవ్వమని అధ్యక్షురాలు అడిగింది. సూది, నూనె, నూగు, బెల్టు బిగువు, టెన్షన్, ప్లేటు గరుకు, మరలు వాళ్ళవి. షటిల్ టైమింగ్, లూపర్ సర్దుబాటు, మోటారు లోపలి పని నావి. ఈ మూడూ చేతికందేలా కనిపిస్తాయి, ఒక మర అటు తిప్పితే నాలుగు పనులు పాడవుతాయి. ఓవర్‌లాక్ కత్తులు మాత్రం రెండింటికీ మధ్యలో ఉన్నాయి. మార్చడం నేర్చుకోవచ్చు, పైకత్తికీ కిందికత్తికీ పొత్తు కుదర్చడానికి కొంచెం సాధన కావాలి. దసరా తర్వాత చూపిస్తానన్నాను. తీసేసిన పాత కత్తులు పారేయకుండా ఒక జత డబ్బాలో వేసి ఉంచమన్నాను, నేర్చుకునేటప్పుడు పాడైనా పరవాలేని కత్తులు కావాలి కదా.